పొడి అక్షరాలు: ఆదా ఒకరిది, ఖర్చు మరొకరిది

ప్రాజెక్టు సమీక్ష జరుగుతోంది అనుకుందాం. ప్రోగ్రామ్ మేనేజర్ "ఈ వారం ర్యాగ్ ఎలా ఉంది?" అని అడుగుతారు. మెషీన్ లెర్నింగ్ ఇంజినీరు "పోయిన వారం కంటే నయమే, కానీ ఇంకా పాత డాక్యుమెంట్లే ఎక్కువ తెచ్చిపెడుతోంది" అంటారు. మేనేజర్ తన షీట్‌లో ఆ గడికి పసుపు రంగు వేసుకుని తర్వాతి అంశానికి వెళ్లిపోతారు.

మేనేజర్ అడిగింది రెడ్, ఆంబర్, గ్రీన్ గురించి. పని సవ్యంగా సాగుతోందా, ఆలస్యమవుతోందా, పూర్తిగా చిక్కుల్లో పడిందా అని మూడు రంగుల్లో చెప్పే పాత పద్ధతి అది. ఇంజినీరు చెప్పింది రిట్రీవల్ ఆగ్మెంటెడ్ జనరేషన్ గురించి. భాషా మోడల్ జవాబు రాసే ముందు సంబంధిత పత్రాలను వెతికి తెచ్చి దానికి అందించే పద్ధతికి 2020లో ఒక పరిశోధన పత్రం ఆ పేరు పెట్టింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, సంభాషణ ఎక్కడా ఆగలేదు. తెలియని మాట దొర్లితే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. ఇది ఇద్దరికీ బాగా తెలిసిన మాటే కాబట్టి అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

టెక్నాలజీ ఆఫీసుల్లో పొడి అక్షరాల గురించి వినిపించే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: మరీ ఎక్కువైపోయాయి, గుర్తుపెట్టుకోలేకపోతున్నాం. ఎక్కువైపోయిన మాట నిజమే. అయితే కీడు చేసేది సంఖ్య ఒక్కటే కాదు. పొట్టి పేరు ఒక బృందం లోపల పుడుతుంది, ఆ విషయం ముందే తెలిసినవాళ్ల మధ్య పని చేస్తుంది. మెషీన్ లెర్నింగ్ టీము తమలో తాము ర్యాగ్ అనుకున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ మాట బృందం గడప దాటి పక్క టీముకో, కొత్తగా చేరినవారికో, కస్టమర్‌తో రాసుకునే ఒప్పందంలోకో, పదేళ్ల తర్వాత ఎవరో తెరిచే డాక్యుమెంటులోకో వెళ్లినప్పుడు చిక్కు మొదలవుతుంది. రాసినవారికి మిగిలేది ఐదారు అక్షరాల శ్రమ. చదివే ప్రతి ఒక్కరూ అది వెతుక్కోవడానికో ఊహించుకోవడానికో సమయం పెట్టాలి.

పేర్లు ఢీకొనడం ఎవరి అజాగ్రత్త వల్లా కాదు, లెక్కే అలా ఉంది. ఇంగ్లిష్ అక్షరాలు 26. మూడేసి అక్షరాలతో కట్టగలిగే పేర్లు 26ను మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చే 17,576. చూడ్డానికి కావలసినన్ని ఉన్నట్టే ఉంటుంది. కానీ ఒక సంస్థలో టీములన్నీ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, చేతికొచ్చిన మూడక్షరాలు తీసుకుని పేర్లు పెట్టుకుంటూ పోతే, 157 పేర్లు తయారయ్యేసరికే ఏవో రెండు కలిసిపోయే అవకాశం సగానికి సగం ఉంటుంది. గదిలో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి అవకాశం సగం దాటుతుందనే ప్రసిద్ధమైన లెక్క ఇక్కడా వర్తిస్తుంది. మధ్యస్థాయి కంపెనీలో కూడా 157 పొట్టి పేర్లు అనేది పెద్ద సంఖ్య కాదు.

అసలు పరిస్థితి ఇంకా ఇరుకు. అక్షరాలను ఎవరూ గుడ్డిగా ఏరుకోరు కదా. సిస్టమ్, సర్వీస్, సర్వర్, సెక్యూరిటీ, సపోర్ట్, స్టోరేజ్ అన్నీ ఎస్ మీదే వచ్చి పడతాయి. ప్లాట్‌ఫామ్, ప్రాసెస్, ప్రాజెక్ట్, ప్రొడక్ట్, ప్రోటోకాల్, ప్లాన్ అన్నీ పీ వాటా. క్యూ, ఎక్స్, జెడ్ దాదాపు ఖాళీగా పడి ఉంటాయి. అందుకే పీఎం అంటే ప్రొడక్ట్ మేనేజరో, ప్రాజెక్ట్ మేనేజరో, ప్రోగ్రామ్ మేనేజరో చెప్పలేం. సర్వర్లు పడిపోయిన మర్నాడైతే అదే పీఎం పోస్ట్‌మార్టం కూడా కావచ్చు. సీఐ అంటే కోడ్ రాసేవారికి కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్, ఆపరేషన్స్ వారికి కాన్ఫిగరేషన్ ఐటమ్. పీఓసీ సంగతి కొంచెం వింతగా ఉంటుంది. "పీఓసీ ఎవరు?" అంటే పాయింట్ ఆఫ్ కాంటాక్ట్, "పీఓసీ ఎప్పుడు?" అంటే ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్. పక్కనున్న ప్రశ్నార్థకం గట్టెక్కిస్తోంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అదే మాట టికెట్‌లో ఒంటరిగా, "పీఓసీ పెండింగ్" అని కనిపిస్తే ఆ ఆధారం కూడా ఉండదు.

కుదించే అలవాటు ఈ వృత్తికి ఊరికే రాలేదు, యంత్రాలే నేర్పాయి. పాత ప్రోగ్రామింగ్ భాష ఫోర్‌ట్రాన్‌లో పేరు ఆరక్షరాలు దాటకూడదు. 1989 నాటి సీ భాషా ప్రమాణం కూడా వేర్వేరు ఫైళ్ల మధ్య పంచుకునే పేర్లలో మొదటి ఆరక్షరాలకే పూచీ ఇచ్చింది. డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. సంవత్సరానికి రెండంకెలే కేటాయించడం వల్ల, 2000 వచ్చేసరికి 00ను యంత్రాలు 1900 అనుకుంటాయన్న భయంతో ఏం జరిగిందో 1999 చివరి నెలల్లో పని చేసినవారికి చెప్పక్కర్లేదు. దానికి పెట్టిన వైటూకే అనే పేరూ పొట్టి పేరే. ఇప్పుడు ఆ ఇబ్బందులేవీ లేవు. ఎడిటర్‌లో రెండక్షరాలు కొడితే మిగతాది అదే పూరిస్తుంది. అయినా కోడ్‌లో సీయస్టీ అనే వేరియబుల్ కనిపిస్తూనే ఉంటుంది. అది కస్టమరో, కాస్టో, కాన్‌స్టంటో తెలుసుకోవడానికి ఆ ఫంక్షన్ ఎక్కడెక్కడి నుంచి పిలుస్తున్నారో తవ్వి చూడాలి.

పొట్టి పేర్లన్నీ దండగ అనుకోవడం కూడా పొరపాటే. టీసీపీని ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ ప్రోటోకాల్ అని విప్పి చెప్పినంత మాత్రాన కొత్తవారికి ఒరిగేది ఏమీ లేదు. డీఎన్‌ఎస్, ఏపీఐ, హెచ్‌టీఎంఎల్ అంతే. ఇవి వృత్తి మొత్తానికి ఉమ్మడి ఆస్తి. ఏ దేశంలో, ఏ కంపెనీలో పని చేసినా అర్థం మారదు, ఎక్కడ వెతికినా వివరణ దొరుకుతుంది. కొన్నయితే పొడి అక్షరాలన్న సంగతే జనం మర్చిపోయారు. రేడార్ 1940లో అమెరికా నౌకాదళం పెట్టిన కుదింపు పేరు. లేజర్ అనే మాటను 1957లో గోర్డన్ గౌల్డ్ తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. వాటి పూర్తి పేరు చెప్పమంటే వాడేవాళ్లలో ఎక్కువమంది నీళ్లు నములుతారు, దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. ప్రపంచ ప్రామాణిక సమయానికి వాడే యూటీసీ ఇంకో తమాషా. ఇంగ్లిష్ వరుసలో సీయూటీ రావాలి, ఫ్రెంచ్ వరుసలో టీయూసీ రావాలి. ఇద్దరినీ నొప్పించకుండా రెంటికీ చెందని యూటీసీ దగ్గర రాజీ కుదిరింది. సోప్ అనే వెబ్ సర్వీసుల ప్రోటోకాల్ 2003లో 1.2 వెర్షన్ వచ్చినప్పుడు, ఇకపై ఈ పేరుకు పూర్తి రూపం లేదని ఆ ప్రమాణంలోనే రాసుకుంది. అదీ నిజాయితీగానే ఉంది. ఇక డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ సంగతి సరేసరి. వరల్డ్ వైడ్ వెబ్ అనేదానికంటే దాని పొట్టి పేరు పలకడానికే ఎక్కువ ఊపిరి కావాలి.

కాలం కూడా ఒక గడపే. పేరు అలాగే ఉండి లోపలి వస్తువు మారిపోతుంది. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య సమాచారాన్ని దాచి పంపే ఎస్‌ఎస్‌ఎల్ చివరి వెర్షన్ 1996లో వచ్చింది. 1999లో దాని స్థానంలో టీఎల్‌ఎస్ వచ్చింది. ఆ చివరి ఎస్‌ఎస్‌ఎల్ కూడా సురక్షితం కాదు, వాడకూడదు అని 2015లో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రమే తేల్చేసింది. అయినా ఈ రోజుకీ అమ్మేవారు, కొనేవారు "ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్" అనే అంటారు. కబుర్లలో ఫరవాలేదు. కానీ సెక్యూరిటీ ఆడిట్ ఫారంలో "మీ సర్వర్లలో ఎస్‌ఎస్‌ఎల్ వాడుతున్నారా?" అన్న ప్రశ్న వస్తే ఏం రాయాలి? వాడుక అర్థంలో తీసుకుంటే "అవును" అనాలి, కాదంటే సమాచారం బహిరంగంగా పంపుతున్నట్టు. అక్షరార్థంలో తీసుకుంటే "లేదు" అనాలి, అవునంటే ఎప్పుడో నిషేధించిన ప్రోటోకాల్ ఇంకా నడుపుతున్నట్టు. ఫారం తయారుచేసినవారి మనసులో ఏముందో తెలిస్తే తప్ప సరైన టిక్కు పెట్టలేం. వెబ్ పేజీ మొత్తం మళ్లీ తెరవకుండానే సర్వర్ నుంచి సమాచారం తెప్పించే పద్ధతికి 2005లో పెట్టిన ఏజాక్స్ అనే పేరులో చివరి ఎక్స్ అంటే ఎక్స్ఎంఎల్, డేటా రాసే ఒక రూపం. తర్వాత జనం జేసాన్ అనే ఇంకో రూపానికి మళ్లారు, ఎక్స్ మాత్రం పేరులో మిగిలిపోయింది. దానివల్ల ఎవరికీ కష్టం కలగలేదు కాబట్టి దాన్ని అలా వదిలేయవచ్చు.

ఆలోచనకు బదులుగా అక్షరాలు

ఇంతవరకు చెప్పుకున్నవి అపార్థాలు. వీటికంటే లోతైన దుర్వినియోగం ఇంకొకటి ఉంది. ఒక సూత్రానికి నోరూరించే పొట్టి పేరు పెడితే, సూత్రం కంటే పేరే ముందు ఊరు చేరుతుంది. తర్వాత వాదనలో ఆ పేరే తీర్పు అయి కూర్చుంటుంది.

డ్రై సంగతి చూడండి. డోంట్ రిపీట్ యువర్‌సెల్ఫ్ అనే ఈ సూత్రాన్ని 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ ముందుకు తెచ్చారు. వారు చెప్పింది జ్ఞానం గురించి. ఒక నియమం, ఒక నిర్ణయం సిస్టమ్‌లో ఒకే చోట ఉండాలి, మారితే ఒక్కచోట మారిస్తే సరిపోవాలి అని. పేరు మాత్రం "రాసిందే మళ్లీ రాయకు" అంటుంది, వినేవారికి అదే మిగులుతుంది. ఒక కోడ్‌లో రెండు చిన్న ఫంక్షన్లు ఉన్నాయనుకుందాం. ఒకటి యూజర్ పేరు 50 అక్షరాలు దాటకుండా చూస్తుంది, ఇంకొకటి ప్రాజెక్టు పేరు 50 దాటకుండా చూస్తుంది. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి. రివ్యూ చేసేవారు "డ్రై" అని ఒక్క మాట కామెంట్ పెడతారు. ఎదురు చెప్పడానికి ఏముంది? రెండింటినీ కలిపేస్తారు. కొన్నాళ్లకు ప్రాజెక్టు పేరు 120 వరకు ఉండొచ్చని నిర్ణయమవుతుంది. కలిపిన ఫంక్షన్‌కు, ఎప్పుడు ఏ నియమం వర్తించాలో చెప్పే ఒక ఫ్లాగ్ తగిలిస్తారు. తర్వాత యూజర్ పేరులో ఖాళీలు ఉండకూడదంటారు, ఇంకో ఫ్లాగ్. చివరికి ఆ ఫంక్షన్‌ను ముట్టుకోవాలంటేనే భయపడే పరిస్థితి వస్తుంది. ఆ రెండు నియమాలకూ మొదటి నుంచీ సంబంధమే లేదు, రెంటిలోనూ 50 ఉండటం కాకతాళీయం. ఇక్కడ డ్రై సూత్రం భంగం కాలేదు, దాని పేరు మాత్రమే దుర్వినియోగమైంది. "ఈ రెండూ ఎప్పుడూ కలిసే మారతాయా?" అని రివ్యూలో పూర్తి వాక్యం రాసి ఉంటే చర్చ జరిగేది.

డేటాబేస్‌ల లోకంలో ఇంతకంటే సూక్ష్మమైన ఉచ్చు ఉంది. యాసిడ్ అనే పేరును 1983లో థియో హెర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ పెట్టారు. అటామిసిటీ, కన్సిస్టెన్సీ, ఐసొలేషన్, డ్యూరబిలిటీ అని డేటాబేస్ ఇచ్చే నాలుగు హామీల కుదింపు అది. క్యాప్ అనేది డేటాను చాలా యంత్రాల మీద పంచి ఉంచే సిస్టమ్‌ల గురించి 2000లో ఎరిక్ బ్రూయర్ చెప్పిన ఊహ, 2002లో సెత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ దాన్ని నిరూపించారు. కన్సిస్టెన్సీ, అవైలబిలిటీ (అడిగినప్పుడల్లా జవాబివ్వడం), పార్టిషన్ టాలరెన్స్ (యంత్రాల మధ్య సంబంధం తెగినా నడవడం) మూడూ ఒకేసారి పూర్తిగా దక్కవు అని. రెండు పేర్లలోనూ సీ ఉంది. రెంటిలోనూ అది కన్సిస్టెన్సీయే. కానీ అర్థం ఒకటి కాదు. యాసిడ్‌లో సీ అంటే డేటాకు పెట్టుకున్న నియమాలు ట్రాన్సాక్షన్ ముందూ వెనకా చెడకుండా ఉండటం, ఖాతాలో నిల్వ సున్నా కంటే తగ్గకూడదన్నట్టుగా. క్యాప్‌లో సీ అంటే డేటా ఎన్ని యంత్రాల మీద ఉన్నా, ఎక్కడ చదివినా తాజాగా రాసిన విలువే కనిపించడం. ఒక డిజైన్ చర్చలో "మనం సీ వదులుకుంటున్నాం" అని ఒకరంటే, వినేవారిలో ఒకరు లెక్కలు తప్పుతాయని బెంబేలెత్తుతారు, ఇంకొకరు కొన్ని క్షణాలు పాత విలువ కనిపిస్తుందిలే అని సర్దుకుంటారు. ఈ రెండు భయాల మధ్య ఉన్న తేడా ఒక్కోసారి ప్రాజెక్టునే వేరే దారి పట్టించేంత ఉంటుంది. పైగా "మూడింటిలో రెండు ఎంచుకోండి" అన్న నినాదం జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని బ్రూయరే 2012లో వివరణ రాసుకోవలసి వచ్చింది.

రెస్ట్‌దీ ఇదే కథ. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో నిర్వచించిన, వెబ్ మీద సిస్టమ్‌లు కట్టే నిర్మాణ శైలి అది. కొన్నేళ్లకే వెబ్ ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ మీద నడిచే ప్రతిదానికీ ఆ పేరు అంటించడం మొదలైంది. చూసి చూసి 2008లో ఆయనే, తాను చెప్పిన నియమాలు పాటించనివాటిని ఆ పేరుతో పిలవొద్దని విసుగ్గా రాశారు. ఎవరూ మానలేదు. ఎంవీపీ, అంటే మినిమమ్ వయబుల్ ప్రొడక్ట్, మరీ దయనీయం. నేర్చుకోవడానికి సరిపడా అతిచిన్న ఉత్పత్తిని బయటపెట్టి చూడటం దాని ఉద్దేశం. ఇప్పుడు ఎక్కువ చోట్ల అది "గడువు ముంచుకొచ్చింది, ఉన్నదాన్ని వదిలేద్దాం" అనడానికి గౌరవప్రదమైన ముసుగు. రెండో దశ ఎప్పుడని అడిగితే జవాబుండదు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి

మూడక్షరాల్లో ఒక అక్షరం మారితే జేబుకు చిల్లు పడే చోటు ఎస్‌ఎల్‌ఏ. ఎస్‌ఎల్‌ఐ అంటే సేవ ఎంత బాగా నడుస్తోందో చెప్పే కొలత. ఎస్‌ఎల్‌ఓ అంటే ఆ కొలత ఎంత ఉండాలని టీము తనకు తాను పెట్టుకున్న లక్ష్యం. ఎస్‌ఎల్‌ఏ అంటే కస్టమర్‌కు ఇచ్చిన మాట, తప్పితే పరిహారం చెల్లించాల్సిన ఒప్పందం. రోజువారీ మాటల్లో మూడింటికీ ఎస్‌ఎల్‌ఏ అనేయడం మామూలైపోయింది.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. 30 రోజుల నెలలో సేవ 99.9 శాతం సమయం అందుబాటులో ఉండాలంటే 43 నిమిషాల చిల్లర ఆగిపోవచ్చు. 99.95 అయితే 21.6 నిమిషాలు. 99.99 అయితే నాలుగు నిమిషాల చిల్లర, అంటే రాత్రి ఫోన్ మోగి, ఇంజినీరు లేచి, ల్యాప్‌టాప్ తెరిచి లాగిన్ అయ్యేసరికే నెల మొత్తం కోటా అయిపోతుంది. తెలివైన టీము లోపల 99.95 లక్ష్యంగా పెట్టుకుని, బయటికి 99.9 మాట ఇస్తుంది. మధ్యలో ఉన్న 21 నిమిషాలే వారికి ఊపిరి. ఇప్పుడు ఆ టీము డాష్‌బోర్డు మీద "ఎస్‌ఎల్‌ఏ: 99.95" అని రాసి పెట్టుకుందనుకోండి, మాటవరసకే. అమ్మకాల వారు దాన్ని చూసి ప్రతిపాదనలో అదే అంకె వేస్తారు. వారి తప్పేముంది? బోర్డు మీద ఉన్నదే రాశారు. ఆ 21 నిమిషాలు అక్కడితో సరి.

ఈఓడీ కూడా ఇలాంటిదే, కాస్త తక్కువ ఖరీదుది. రోజు ముగిసేలోగా ఇస్తామంటారు. ఎవరి రోజు? ఎనిమిది గంటల తేడా ఉన్న రెండు టైమ్‌జోన్‌ల మధ్య ఆ మాట మీద రేగే గొడవల్లో ఎక్కువ భాగం "గురువారం సాయంత్రం ఆరు, యూటీసీ" అని రాస్తే పుట్టవు.

అడగలేని గది

2010 మేలో స్పేస్‌ఎక్స్ ఉద్యోగులకు ఎలాన్ మస్క్ పంపిన ఈమెయిల్ ఒకటి తర్వాత బాగా ప్రచారమైంది. ఎవరికివారు పొట్టి పేర్లు పుట్టించడం ఆపకపోతే తీవ్రమైన చర్య తప్పదని బెదిరించిన ఉత్తరం అది. అందులోని ధోరణి ఎలా ఉన్నా, రెండు గమనింపులు మాత్రం సరైనవి. మొదటిది, విడిగా చూస్తే ఏ ఒక్కటీ పెద్ద భారంగా కనిపించదు, వెయ్యిమంది తలా ఒకటి పెడితే కొత్తవాళ్లు మోయలేనంత నిఘంటువు తయారవుతుంది. రెండోది, మీటింగులో తెలివితక్కువవాళ్లుగా కనిపించడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి అర్థం కాకపోయినా కూర్చుని ఉండిపోతారు. ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా బాగుంటుంది: పరీక్షా వేదికకు వీటీఎస్-3 అని పేరు, దాన్ని ట్రైపాడ్ అంటే పలకడానికి సగం సమయం చాలు. అంటే పొట్టి పేరు అసలు పేరు కంటే పొడుగు. బయటి ఇంజినీర్లకు కూడా తెలిసిన జీయూఐ (బొమ్మలు, బటన్లతో నడిపే తెర) లాంటివాటికి అభ్యంతరం లేదని ఆయనే అన్నారు. ఉమ్మడి ఆస్తికీ ఇంటి సరుకుకీ మధ్య గీత అక్కడే ఉంది.

తలా ఒకటి పెడితే ఏమవుతుందో శాస్త్ర పరిశోధన రంగంలో లెక్కగట్టి చూశారు కూడా. ఏడ్రియన్ బార్నెట్, జోయీ డబుల్‌డే 2020లో ప్రచురించిన అధ్యయనంలో 1950 నుంచి 2019 వరకు వచ్చిన 2.4 కోట్లకు పైగా పరిశోధన పత్రాల శీర్షికలను, 1.8 కోట్ల సారాంశాలను వడకట్టారు. వాటిలో పదకొండు లక్షలకు పైగా వేర్వేరు పొట్టి పేర్లు దొరికాయి. వాటిలో 79 శాతం పదిసార్లు కూడా వాడినవి కావు. అంటే పుట్టించినవారు, వారి పక్కవారు వాడి వదిలేసినవి. నిలదొక్కుకుని తరచూ వాడుకలో ఉన్నవి రెండు వేల చిల్లర. ఆఫీసు వికీలను ఎవరూ ఇలా లెక్కపెట్టి ఉండరు గానీ, ఏ కంపెనీ పదకోశం తెరిచినా ఈ వాసనే వస్తుంది: మూతపడిన ప్రాజెక్టుల పేర్లు, రద్దయిన కమిటీల పేర్లు, ఎవరు పెట్టారో తెలియనివి.

అడగలేకపోవడం అందరికీ ఒకేలా ఉండదు. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారు "అదేంటి?" అంటే అది సూటి ప్రశ్న. చేరి రెండు వారాలైనవారు అదే అంటే వారి అర్హత మీద అనుమానం అవుతుందేమోనన్న భయం. అందుకే పెద్దలే అప్పుడప్పుడు, తెలిసినా సరే, అడిగి విప్పించడం మంచిదని చాలా టీముల్లో అనుకుంటారు. అనుకున్నంతగా చేయరు. పొట్టి పేర్లు ధారాళంగా దొర్లించడం లోపలి మనిషినని చూపించుకునే మార్గం కూడా కావడం దానికి ఒక కారణం.

కావాలని కప్పిపుచ్చడానికి వాడేవి వేరే జాతి. పనితీరు బాగాలేదని హెచ్చరించి గడువు పెట్టడాన్ని పీఐపీ అంటారు, పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్. ఉద్యోగాలు తీసేయడాన్ని ఆర్‌ఐఎఫ్ అంటారు, రిడక్షన్ ఇన్ ఫోర్స్. "ఆయన్ని పీఐపీలో పెట్టారు" అన్నప్పుడు పెట్టినవారికి మాట తేలిగ్గా నోటికి వస్తుంది, పడినవారికి బరువు తగ్గదు. ఇలాంటి చోట పూర్తి మాట వాడటం మర్యాద.

విప్పితే చాలదు

"పదకోశం తయారుచేద్దాం" అనేది అందరికీ తట్టే మందు. చాలా పదకోశాలు పని చేయకపోవడానికి కారణం, వాటిలో పూర్తి పేరు తప్ప మరేమీ లేకపోవడం. సీఓఆర్‌ఎస్ అంటే క్రాస్ ఆరిజిన్ రిసోర్స్ షేరింగ్ అని రాస్తే తెలియనివారికి ఇప్పుడు నాలుగు తెలియని మాటలు. ఒక సైటు నుంచి వచ్చిన పేజీలోని కోడ్ వేరే సైటు ఇచ్చే జవాబును చదవాలంటే, ఆ రెండో సైటు అనుమతి ఇచ్చిందో లేదో బ్రౌజర్ చూసే పద్ధతి అని ఒక వాక్యం రాస్తే ఉపయోగం. ఇంటి సరుకు విషయంలో ఇంకా రెండు కావాలి: అది ఏ టీముది, ఇంకా బతికే ఉందా. చేర్చేవారు ఎప్పుడూ ఉంటారు, తీసేసే బాధ్యత ఎవరికీ ఉండదు. తీసేయకపోయినా పర్లేదు, "ఈ సిస్టమ్‌ను ఆపేశారు, దీని పని ఇప్పుడు ఫలానాది చేస్తోంది" అని ఒక ముక్క చేర్చినా పాత డాక్యుమెంట్లు చదివేవారికి పుణ్యం.

ఇంటర్నెట్ ప్రమాణాలను ఆర్‌ఎఫ్‌సీ (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్) పత్రాలుగా ప్రచురించేవారు 1969 నుంచి పొట్టి పేర్ల మధ్యే బతుకుతున్నారు. వారి 2014 నాటి శైలి నియమం సరళంగా ఉంటుంది: మొదటిసారి వాడినప్పుడు విప్పి రాయాలి, అందరికీ తెలిసినవని తాము గుర్తించిన కొన్నింటికి మాత్రం మినహాయింపు. అలాంటివాటికి తమ జాబితాలో నక్షత్రం గుర్తు పెడతారు. రచయితకు తెలిసినంత మాత్రాన "అందరికీ తెలిసినది" అయిపోదు, జాబితాలో నక్షత్రం ఉండాలి. ఆఫీసుల్లో అరువు తెచ్చుకోదగ్గ పద్ధతి ఇది. నక్షత్రాలు పెట్టే పని కొత్తగా చేరినవారి చేతికి ఇస్తే జాబితా మరింత నిజాయితీగా తయారవుతుంది.

పొరపాటుకు ప్రాణం మూల్యమైన చోట ఇంత ఉదారంగా ఉండరు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని కుదింపుల జాబితానే పెట్టింది. యూనిట్స్ అనడానికి రాసే యూ అక్షరం చేతిరాతలో సున్నాలా కనిపిస్తే మోతాదు పదింతలవుతుంది. ఎంఎస్ అంటే మార్ఫిన్ సల్ఫేటూ కావచ్చు, మెగ్నీషియం సల్ఫేటూ కావచ్చు. టెక్నాలజీ టీములకు ఇంత కఠినమైన నిషేధం అన్నిచోట్లా అక్కర్లేదు. అత్యవసర పరిస్థితుల్లో వాడే చర్యల పత్రం మాత్రం దీనికి మినహాయింపు. దాన్ని తెరిచేది అర్ధరాత్రి, నిద్రమత్తులో, బహుశా ఆ సిస్టమ్ తనది కాని మనిషి. "డీఆర్‌కు ఎఫ్‌ఓ చేసి ఆర్‌ఓ చూడండి" అన్న వాక్యంలో ఆర్‌ఓ అంటే రోల్ అవుటో, రీడ్ ఓన్లీయో ఆ సమయంలో ఊహించమనడం అన్యాయం. ఒకటి కొత్త వెర్షన్‌ను జనం మీదికి వదులుతుంది, ఇంకొకటి ఎవరూ ఏమీ రాయకుండా తాళం వేస్తుంది.

పేరు మరీ పొడుగై కుదించక తప్పడం లేదంటే, చాలాసార్లు తప్పు అసలు పేరులోనే ఉంటుంది. కస్టమర్ ఇన్‌వాయిస్ రీకన్సిలియేషన్ అండ్ నోటిఫికేషన్ సర్వీస్ అని పెట్టి, పలకలేక ఐదక్షరాలకు కుదించే బదులు మొదటే "బిల్లు సరిచూసే సర్వీస్" అనే అర్థం వచ్చే రెండు మాటల పేరు పెడితే విప్పాల్సిన అవసరమే రాదు. కాకపోతే ఆ పేరు డిజైన్ పత్రంలో అంత ఘనంగా కనిపించదు, అదే చిక్కు.

ఈ మధ్య ఇంకో రకం పాఠకులు వచ్చి చేరారు. ఆఫీసు డాక్యుమెంట్లు చదివి ప్రశ్నలకు జవాబిచ్చే ఏఐ అసిస్టెంట్లు అవి. బయటి ప్రపంచపు రాతలతో శిక్షణ పొందిన మోడల్‌కు ఇంటి పొట్టి పేరు ఎదురైతే, వివరణ దగ్గర్లో లేనప్పుడు, బయట ఎక్కువ ప్రచారంలో ఉన్న అర్థమే తీసుకునే ప్రమాదం ఉంటుంది. కొత్త ఉద్యోగి అయితే కనీసం మొహం చిట్లిస్తారు, పక్కవారికి చాట్‌లో మెసేజ్ పెడతారు. అసిస్టెంట్ మాత్రం పొంకంగా పూర్తి పేరు విప్పి, దాని చుట్టూ మూడు పేరాల సారాంశం అల్లి ఇచ్చేయవచ్చు. దాన్ని ఎవరో కాపీ చేసి కొత్త డాక్యుమెంటులో పెడతారు, తర్వాత వెతికేవారికి అదే ఆధారంగా దొరుకుతుంది. ఈ అసిస్టెంట్ల కోసమని డాక్యుమెంట్లు శుభ్రం చేస్తున్న టీములు ఇప్పుడు మొదట చేయాల్సిన పని, ప్రతి పేజీలో మొదటిసారి వచ్చిన పొట్టి పేరును విప్పి రాయడం. కొత్తగా చేరే మనుషుల కోసం ఈ పని ఎప్పుడో చేయాల్సింది.